మూడో రోజు ఖడ్గమృగం గ్యారంటీ!

పోయిన ఆదివారం మా అపార్టుమెంటు క్లబ్‌హౌసులో ఒక ప్రెజెంటేషన్ జరిగింది. వారం పొడుగునా ఆఫీసులో చూసే పవర్‌పాయింట్లు చాలనట్టు, బహదూర్‌పల్లిలో సెలవు రోజు కూడా పవర్‌పాయింటే! ఇచ్చింది మా పై ఫ్లాటు కుర్రాడు. గచ్చిబౌలిలో ఏదో బ్యాంకు ప్రాజెక్టుకి టెక్ లీడ్. మంచివాడు, లిఫ్టు ఆగిపోతే అందరికంటే ముందు మెట్లెక్కి వెళ్ళి చూసేది అతనే. ఈమధ్యే దక్షిణాఫ్రికా వెళ్ళొచ్చాడు.

మామూలు సఫారీ కాదండోయ్. జీపులో కూర్చుని దూరం నుంచి చూసి రావడం పాత ఫ్యాషనట. ఇప్పుడు నడుస్తున్నది "మీ చేతులతో మీరే ఖడ్గమృగాన్ని కాపాడండి" అనే ప్యాకేజీ. పైన హెలికాప్టర్లోంచి వెటర్నరీ డాక్టరు మత్తు సూది కొడతాడు. అంత పెద్ద జంతువూ తూలి తూలి కూలబడుతుంది. కింద జీపుల్లో రెడీగా ఉన్న మనం పరిగెత్తుకెళ్ళి కళ్ళకి గుడ్డ కట్టడంలో, ఒంటి మీద నీళ్ళు పొయ్యడంలో, రక్తం సీసాలు పట్టుకోవడంలో సాయం చెయ్యాలి. చెవికి గుర్తు గాట్లు పెడతారు, కొన్నిసార్లు రంపంతో కొమ్ము కోస్తారు. మనం దాని ఒంటి మీద చెయ్యేసి ఊపిరి తెలుసుకోవచ్చు. ఫోటోలు సరేసరి. నలభై స్లైడ్లలో ముప్ఫై ఒకటి మావాడివే, ఖడ్గమృగం బ్యాక్‌గ్రౌండు :)

"మస్తుంటదన్నా! చెయ్యి పెట్టిన్నా... లోపల గుండె కొట్టుకునుడు తెలుస్తుంది. మనిషి మారిపోతడన్నా" అన్నాడు. అబద్ధం చెప్పలేదు, కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. ఆఖరి స్లైడులో అసలు సంగతి బయటపడింది. వచ్చే దసరాకి గ్రూపు బుకింగ్. పన్నెండు మంది ఉంటే డిస్కౌంటు. కింద రోజు వారీ ప్లాను. మొదటి రోజు విశ్రాంతి. రెండో రోజు పరిచయం, జీపు సఫారీ. మూడో రోజు "ఖడ్గమృగానికి మత్తు ఇచ్చే కార్యక్రమం - గ్యారంటీ".

ఆ గ్యారంటీ అన్న మాట దగ్గర నా మెదడు ఆగిపోయింది. వారం రోజులయింది, ఇంకా అక్కడే ఉంది.

ముందుగా ఒక మాట. ఈ ఖడ్గమృగం ఏ పరాయి ఖండం జంతువో, దాని గురించి రాయలసీమ వాడికెందుకని అనుకోకండి. మాది బేతంచెర్ల. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు పిక్నిక్కని తీసుకెళ్ళే బిల్వస్వర్గం గుహల్లో 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు తవ్వకాలు జరిపితే దొరికిన ఎముకల్లో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. లైడెక్కర్ అనే శాస్త్రవేత్త 1886లో దానికి "రైనోసెరస్ కర్నూలియెన్సిస్" అని పేరు పెట్టాడు. అంటే మా కర్నూలు పేరే! మా ఊరి కొండల్లో తిరిగి, తర్వాత లేకుండా పోయిన జంతువు అది. కాబట్టి నాకూ ఓ మాట చెప్పే హక్కుందనుకుంటున్నా.

సరే, విషయానికొద్దాం. వీళ్ళు చేసే పని బూటకమా? కాదు. అదే ఈ గొడవలో చిక్కు. దక్షిణాఫ్రికాలో 2007లో వేటగాళ్ళు చంపిన ఖడ్గమృగాలు 13. 2014కల్లా ఆ సంఖ్య 1,215! తర్వాత తగ్గుతూ 2024లో 420కి వచ్చింది. అంటే ఆ ఏడాది కూడా రోజుకి ఒకటి కంటే ఎక్కువే. ఇదంతా కొమ్ము కోసం. ఆ కొమ్ము మన గోళ్ళల్లో ఉండే కెరటినే తప్ప మరేం కాదు. ప్రాణం తియ్యకుండా కోస్తే మళ్ళీ పెరుగుతుంది. అందుకే వేటగాడికంటే ముందు మనమే కోసేస్తే వాడికి చంపే పని ఉండదు కదా అని కొమ్ములు కోయడం మొదలుపెట్టారు. అది పని చేస్తోంది కూడా. 2025 జూన్‌లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, క్రూగర్ చుట్టుపక్కల 11 రిజర్వుల్ని 2017 నుంచి 2023 దాకా పరిశీలిస్తే, వాటిలో ఎనిమిదింటిలో 2,284 ఖడ్గమృగాల కొమ్ములు కోయడంతో వేట 78 శాతం తగ్గింది. చెవి గాట్లు కూడా ఊరికే పెట్టరు, ఏది ఏదో గుర్తుపట్టాలి. రక్తం, కొమ్ము నమూనాలు ప్రిటోరియా విశ్వవిద్యాలయం డిఎన్ఏ డేటాబేసుకి వెళ్తాయి. రేపు ఎక్కడైనా కొమ్ము దొరికితే అది ఏ జంతువుదో కోర్టులో నిరూపించొచ్చు. ఇదంతా మంచి పనే. డబ్బివ్వాల్సిన పనే. దాంతో నాకేం పేచీ లేదు.

నా పేచీ అంతా అందులో నా చెయ్యికేం పని అన్నదాంతో.

ఆ మత్తు సూది సంగతి చూద్దాం. అందులో వాడే ఎటార్ఫిన్ అనే మందు మార్ఫీన్ కంటే వెయ్యి రెట్లకి పైగా శక్తివంతమైనది. మనిషి రక్తంలోకి పొరపాటున పోతే ప్రాణం మీదికొస్తుంది. అది ఎక్కిన ఖడ్గమృగానికి ఊపిరి మందగిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, ఒళ్ళు కాగిపోతుంది. అందుకే నీళ్ళు పొయ్యడం, ఆక్సిజన్ పెట్టడం, పొద్దెక్కక ముందే పని ముగించడం. అందుకే వెటర్నరీ వాళ్ళు గడియారం చూసుకుంటూ పని చేస్తారు. ఎంత తొందరగా విరుగుడు సూది వేసి లేపేస్తే అంత మంచిది.

మన భాషలో చెప్పుకోవాలంటే ఇది ప్రొడక్షన్ సర్వరుకి మెయింటెనెన్స్ విండో. డౌన్‌టైమ్ ఎంత తక్కువుంటే అంత మేలు. ఆ టైములో డేటా సెంటర్లోకి ఎవరిని రానిస్తాం? పనున్న ముగ్గుర్ని. అంతేగానీ "క్లయింటు గారి పిల్లలు సరదా పడుతున్నారు, వాళ్ళ చేత ఒక కేబుల్ పీకించండి, ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు" అంటే ఒప్పుకుంటామా? ఒప్పుకుంటే మర్నాడు మన ఉద్యోగం ఉంటుందా? పోనీ "ఏ రోజు ఏ సర్వరు డౌన్ చేస్తారో ఆర్నెల్ల ముందే గ్యారంటీ ఇవ్వండి, మా దసరా సెలవులకి కలిసిరావాలి" అంటే? నవ్వుతాం. బ్యాంకు సర్వరు విషయంలో నవ్వొచ్చేది, ఊపిరి తీసుకునే జంతువు విషయంలో "లైఫ్ చేంజింగ్" ఎలా అయింది?

ఈ మాటే మావాడితో అన్నాను. అతను తెలివైనవాడు, వెంటనే దెబ్బ కొట్టాడు.

"గది కాదన్నా. వాళ్ళు ఎట్లైనా చెయ్యాలె కదా? చెవి గాటు ఇయ్యాల పెడ్తేంది, పది దినాలైనంక పెడ్తేంది? మనం పోయినప్పుడే పెడ్తే హెలికాప్టరు ఖర్చు మన పైసలతోని అయిపోతది. రైనోకి నష్టమేంది?"

ఒప్పుకుంటున్నా, ఇది గట్టి వాదన. రాత్రంతా ఆలోచించాను. ఎలాగూ చెయ్యాల్సిన పని, డాక్టరు నిర్ణయించిన జాబితా, అందులోంచి ఒకటి మన తేదీకి కుదిర్చితే నిజంగానే నష్టం లేదు. అలా నిజాయితీగా చేసేవాళ్ళు ఉంటారు, ఉన్నారనే నమ్ముతాను. కానీ ఆ జాబితా అయిపోయాక? ఈ బ్యాచ్ వెనక ఇంకో బ్యాచ్ డబ్బు కట్టి కూర్చుంది. విమానం టికెట్లు కొనుక్కుంది. గ్యారంటీ ఇచ్చేశారు. ఈ వారం గాటు పెట్టాల్సిన జంతువేదీ లేదు. అప్పుడు ఆ మేనేజరు ఏం చేస్తాడు? "సారీ సార్, మా ఖడ్గమృగాలన్నీ క్షేమంగా ఉన్నాయి, మీ డబ్బు వాపస్" అంటాడా? డెడ్‌లైన్ ముందు పెట్టి అవసరాన్ని వెనక సృష్టించడం మనకి తెలియని విద్యా? ఏ బగ్గూ లేకపోయినా రిలీజ్ తేదీ ఉంది కాబట్టి ప్యాచ్ వదిలిన రోజులు మీకు లేవా?

అందుకని నేను ఒక్క ప్రశ్న పట్టుకున్నాను. "నేను రాకపోయినా ఆ రోజు ఆ జంతువుకి ఆ సూది పడేదా?" పడేది అంటే, నా డబ్బు తీసుకోండి, నేను యాభై గజాల అవతల నిలబడతాను. పడేది కాదు అంటే, నేను కాపాడటానికి వెళ్ళడం లేదు. ఒక ఆరోగ్యంగా ఉన్న జంతువుని మత్తులో పడేయించడానికి డబ్బు కడుతున్నాను. మధ్యేమార్గం లేదు.

ఇది ఊరికే ఊహించి రాస్తున్నది కాదు, ఆ దేశంలోనే జరిగిన కథ ఉంది. "తల్లి లేని సింహం పిల్లలకి పాలు పట్టండి, అడవిలోకి పంపడానికి సాయం చెయ్యండి" అని ప్రపంచం నలుమూలల నుంచి కుర్రాళ్ళు డబ్బు కట్టి మరీ వెళ్ళారు. మనిషి చేతిలో పెరిగిన సింహం అడవిలో ఎలా బతుకుతుంది? పెద్దయ్యాక చాలావాటికి కంచె లోపలే తుపాకీ గుండు. డబ్బున్న వేటగాడు వచ్చి, పారిపోయే దారి లేని సింహాన్ని కాల్చి ఫోటో దిగుతాడు. పిల్లప్పుడు ఒకడి ఫోటో, పెద్దయ్యాక ఇంకొకడి ఫోటో! 2015లో 'బ్లడ్ లయన్స్' అనే డాక్యుమెంటరీ వచ్చాక చాలామందికి కళ్ళు తెరుచుకున్నాయి. సింహాల్ని ఇలా పెంచే వ్యాపారం ఆపాలని 2021లో అక్కడి ప్రభుత్వం వేసిన కమిటీయే సిఫారసు చేసింది. పాలు పట్టిన కుర్రాళ్ళు చెడ్డవాళ్ళా? కాదు. వాళ్ళ ప్రేమే ఆ పిల్లలకి గిరాకీ అయింది. అంతే తేడా.

థాయ్‌లాండు టైగర్ టెంపుల్ మన తెలుగు టూరిస్టులకి కొత్త కాదు. 2016లో అక్కడి అధికారులు దాడి చేసి 137 పులుల్ని తరలించారు. ఫ్రీజర్లో 40 పులి పిల్లల కళేబరాలు దొరికాయి. ఆ గుళ్ళోంచి స్వాధీనం చేసుకున్న పులుల్లో సగానికి పైగా మూడేళ్ళలో చనిపోయాయి.

ఇక్కడ నేను నా గుట్టు విప్పకపోతే ఈ రాతంతా దండగ. 2011లో పెళ్ళైన కొత్తలో నేనూ థాయ్‌లాండు వెళ్ళాను. ఆ గుడి కాదు, ఇంకో చోటు. ఒళ్ళో పులిపిల్లని పెట్టుకుని, సీసాతో పాలు పడుతూ ఫోటో దిగాను. మా హాల్లో టీవీ పక్కన పదేళ్ళున్న ఫోటో అది. వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయాను. ఒకరోజు మా అమ్మాయి దాన్ని చూసి అడిగింది. "నాన్నా, ఈ పిల్ల ఇప్పుడెక్కడుంది?"

నా దగ్గర జవాబు లేదు. పాలు పట్టిన ఐదు నిమిషాలు తప్ప దాని గురించి నాకేమీ తెలియదు. దాని తల్లి ఏమైందో, రోజుకి ఎన్ని ఒళ్ళు మారిందో, నేను చూసిన నెలకి అది ఎక్కడుందో. ఆ రోజే ఫోటో తీసి లోపల పెట్టేశాను. పారెయ్యలేదు, ఎందుకంటే పారేస్తే మర్చిపోతాను.

"చెయ్యి" పెడితే ఏమవుతుందో మన కడప జిల్లాకే తెలుసు. కలివి కోడి అని ఒక పక్షి ఉంది, ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. 1900 తర్వాత కనిపించకపోయేసరికి ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతున్నారని తెలిసిన ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట లైటు వేసి దాన్ని పట్టుకున్నాడు. ఎనభై ఆరేళ్ళ తర్వాత దొరికిన పక్షి! ఆ పక్షి బతకలేదు. అతన్ని తప్పు పట్టడం లేదు, అతను లేకపోతే ఆ పక్షి ఉన్న సంగతే ప్రపంచానికి తెలిసేది కాదు. అయితే ఆ తర్వాత శాస్త్రవేత్తలు ఏం చేశారో చూడండి. పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున వచ్చి పాదముద్రలు వెతికారు. కెమెరాలు పెట్టారు. దాని కూత రికార్డు చేసి పెట్టుకున్నారు. లంకమల్లేశ్వర అభయారణ్యం 1988లో వచ్చింది. తెలుగుగంగ కాలువ దాని నివాసం మీదుగా పోకుండా దారి మార్చారు. మళ్ళీ ఎన్నో ఏళ్ళు జాడ లేదు. 2025 ఆగస్టులో కొంతమంది పక్షి ప్రేమికులకి దాని కూత వినబడింది. వాళ్ళకి దక్కింది ఒక ఆడియో ఫైలు. దానికే దేశంలోని పక్షి ప్రేమికులంతా పండగ చేసుకున్నారు.

చేత్తో చేసే పనే కావాలంటే మన దగ్గర లేదా? ఉంది, కాకపోతే ముట్టుకునే పని కాదు. 2018 జనవరిలో పులుల గణనకి నేను వాలంటీరుగా అమ్రాబాద్ వెళ్ళాను. మా మేనేజరు సెలవు ఇవ్వడానికి పులికంటే ఎక్కువ గర్జించాడనుకోండి, అది వేరే సంగతి. పొద్దున్నే లేచి ఒక బీట్ ఆఫీసరు, ఒక చెంచు వాచరు వెంట నడవడం. పెంటికలు, గీతలు, అడుగులు కనబడితే ఫోన్లో ఎం-స్ట్రైప్స్ అనే యాప్‌లో నమోదు చెయ్యడం. మర్నాడు మళ్ళీ నడవడం. పులి కనిపించలేదు. ఒక చెట్టు మీద గోళ్ళ గీరలు కనిపించాయి, అంతే. నా మొహం చూసి ఆ వాచరు నవ్వాడు. "పులి మనల్ని చూసే ఉంటది సారూ" అన్నాడు. అంతకంటే గొప్ప ప్రెజెంటేషన్ నేను ఏ క్లబ్‌హౌసులోనూ వినలేదు.

ఆ గణనలో దేశమంతా 26,838 చోట్ల కెమెరాలు పెడితే మూడున్నర కోట్ల దాకా ఫోటోలు వచ్చాయి. పులివి అందులో 76,651. ఆ కుప్పలోంచి జంతువుల్ని వేరు చేసిందీ, చారలు చూసి ఏ పులి ఏదో గుర్తుపట్టిందీ సాఫ్ట్‌వేర్! కోడు రాసేవాడి చెయ్యికి అడవిలో ఇంతకంటే మంచి పని ఏముంటుంది? మన దగ్గరున్న నైపుణ్యం అది. ఖడ్గమృగం చెవి పట్టుకోవడం మన నైపుణ్యం కాదు. మన పక్కనే దూలపల్లిలో ఫారెస్టు అకాడమీ ఉంది, అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. ఆ రోడ్డు మీద రోజూ కొంపల్లి వెళ్ళొస్తాం. మనలో ఎంతమందికి ఆ గేటు లోపల ఏం జరుగుతుందో తెలుసు?

ఫోటో రాని పనికి డబ్బిచ్చేవాడు తక్కువ, అదీ నిజం. కాజీరంగా చూడండి. 1905లో రిజర్వుగా ప్రతిపాదించేనాటికి అక్కడ మిగిలినవి చాలా కొద్ది. 2022 మార్చి లెక్కలో 2,613. ఆ ఏడాది అస్సాంలో వేటకి ఒక్క ఖడ్గమృగమూ బలి కాలేదు. ఆ లెక్క వెనక ఉన్నది వానల్లో, వరదల్లో, జలగల్లో గస్తీ తిరిగిన గార్డులు. వాళ్ళతో కలిసి తడిసే ప్యాకేజీ ఎవరూ అమ్మరు. అక్కడికి వెళ్ళిన టూరిస్టు దూరం నుంచి చూసి, టికెట్టు డబ్బులు కట్టి, వచ్చేస్తాడు. మన 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇలాంటి జంతువుకి మత్తివ్వాలంటే పైస్థాయి అనుమతులు కావాలి, అది టూరిస్టు కోసం దొరికేది కాదు. మనల్ని మనం వెనకబడ్డవాళ్ళమని తిట్టుకోవడం అలవాటే గానీ, ఈ ఒక్క విషయంలో మన పాత పద్ధతే నాకు నచ్చింది.

"అయితే ఆఫ్రికా వెళ్ళొద్దా?" అంటే, వెళ్ళండి. జీపులో కూర్చుని చూడండి. అక్కడి రేంజర్లకి జీతాలు మీ డబ్బుతోనే వస్తాయి. కొమ్ములు కోసే ఖర్చుకి విరాళం కావాలంటే ఇవ్వండి. నేను చెప్పిన అధ్యయనం ప్రకారం ఆ రిజర్వుల మొత్తం రక్షణ ఖర్చులో అది 1.2 శాతమే. హెలికాప్టరు దిగి ముట్టుకుంటేనే ఇస్తాను అనే షరతు ఒక్కటి తీసెయ్యండి. మనిషి మారిపోవాలంటే ఇంకో ప్రాణి మత్తులో పడి ఉండాలా?

మంగళవారం ఆ టూరు వాళ్ళకి మెయిలు కొట్టాను. మర్యాదగానే. "మీ మూడో రోజు కార్యక్రమంలో ఏ జంతువుకి మత్తివ్వాలో ఎవరు, ఎప్పుడు నిర్ణయిస్తారు? ఆ వారం అవసరమైన జంతువు లేకపోతే ఏం చేస్తారు?" అని. జవాబు రెండు గంటల్లో వచ్చింది. రంగురంగుల బ్రోచరు, దసరాకి ముందస్తు బుకింగ్ మీద తగ్గింపు. నా ప్రశ్నల ఊసు లేదు.

ఆ మెయిలు మావాడికి పంపాను. చాలాసేపటికి ఒక మెసేజి. "నేను గూడ అడుగుతా అన్నా." అడిగాడో లేదో తెలియదు. నిన్న లిఫ్టులో కలిస్తే ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గ్రూపులో చూస్తే పదకొండు మంది పేర్లున్నాయి, ఇంకొకరు కావాలట.

ఆ పన్నెండోవాణ్ణి మాత్రం నేను కాను. మీకూ ఇలాంటి స్లైడు ఎదురైతే, డబ్బు కట్టేముందు ఆ రెండు ప్రశ్నలూ అడగండి. జవాబు వస్తే నాకూ చెప్పండి.